డయాలిసిస్ గదిలో ఇన్ఫెక్షన్లు: భిలాయి క్యాంప్ 2 నేపథ్యం

పనిచేయని కిడ్నీలకు బదులు యంత్రంతో రక్తాన్ని శుద్ధి చేయడమే హీమోడయాలిసిస్. రక్తాన్ని ఒంట్లోంచి తీసి, డయాలైజర్ అనే ఫిల్టర్ గుండా నడిపి, మళ్లీ ఒంట్లోకి పంపుతారు. ఒక్కో విడతకు నాలుగు గంటలు, వారానికి రెండు మూడు విడతలు. కిడ్నీ మార్పిడి జరిగేదాకా, అది కుదరకపోతే బతికున్నంత కాలం ఇదే వరస. ఏడాదికి నూరుసార్లకు పైగా బయటి నుంచి రక్తప్రవాహంలోకి దారి తెరుస్తారు. ఆపరేషన్ థియేటర్‌లో పాటించేంత శుభ్రతను ఈ గదిలో అన్నిసార్లూ, అలసట లేకుండా పాటించాలి. డయాలిసిస్ రోగుల మరణాల్లో గుండె జబ్బుల తర్వాతి స్థానం ఇన్ఫెక్షన్లదే.

రోగి ఒంటి స్థితి కూడా ఇందుకు తోడవుతుంది. కిడ్నీలు చెడినవారిలో తెల్ల రక్తకణాల చురుకు తగ్గుతుంది. చాలామందికి మధుమేహం ముందే ఉంటుంది. చర్మం మీద, ముక్కు లోపల ఉండే స్టాఫిలోకాకస్ ఆరియస్ అనే బాక్టీరియాకు సూది గుచ్చిన చోటు సులువైన దారి. ఆ బాక్టీరియా రక్తంలో చేరే ముప్పు డయాలిసిస్ మీద ఉన్నవారికి ఇతరులకంటే 100 రెట్లు ఎక్కువని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2023లో ప్రకటించింది. అది రక్తంలోనే ఆగిపోదు. గుండె కవాటాల మీద, వెన్నుపూసల మధ్య స్థిరపడితే నెలల తరబడి మందులు వాడాల్సి వస్తుంది.

క్యాంప్ 2, దాని రోగులు

ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కట్టుబడి పనులకు వచ్చిన కూలీల మకాములు తర్వాత బస్తీలయ్యాయి, క్యాంప్ అన్న పేరు మాత్రం పోలేదు. పవర్‌హౌస్ స్టేషన్‌కు దగ్గరలోని క్యాంప్ 2లోనూ, ఖుర్సీపార్‌లోనూ తెలుగు కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. వీరిలో చాలామందికి సొంతూరంటే శ్రీకాకుళం, విజయనగరం వైపే. కిడ్నీ జబ్బులకు పేరుపడ్డ ఉద్దానం శ్రీకాకుళం జిల్లాలోనే ఉంది. కవిటి, సోంపేట, కంచిలి, పలాస, మందస వంటి మండలాల్లో ఎందుకొస్తుందో తేలని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా ఇంటింటి మాటైంది. ఛత్తీస్‌గఢ్‌లోనూ గరియాబంద్ జిల్లా సుపేబేడా గ్రామం ఇదే కారణంతో వార్తల్లోకెక్కింది. కాబట్టి భిలాయి తెలుగువారికి డయాలిసిస్ అటు పుట్టిన ఊళ్లోనూ ఇటు పెరిగిన ఊళ్లోనూ తెలిసిన మాటే.

కర్మాగారం ఉద్యోగులకు, రిటైరైనవారికి సెక్టర్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ఉంది. కాంట్రాక్టు కూలీలు, చిరువ్యాపారులు దుర్గ్‌లోని ప్రభుత్వ ఆసుపత్రినో, ప్రైవేటు సెంటర్లనో, రాయ్‌పూర్ ఎయిమ్స్‌నో ఆశ్రయిస్తారు. కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రధానమంత్రి జాతీయ డయాలిసిస్ కార్యక్రమం మొదలుపెట్టాక జిల్లా ఆసుపత్రుల్లో పేదలకు ఈ చికిత్స ఉచితంగా అందుతోంది. ఆ పథకం మార్గదర్శకాల ప్రకారం స్థలం, కరెంటు, నీటి సరఫరా ప్రభుత్వం ఇవ్వాలి. యంత్రాలు, ఆర్‌ఓ ప్లాంటు, ఫిల్టర్లు, సిబ్బంది ప్రైవేటు భాగస్వామి బాధ్యత. ఖర్చుల లెక్కకు ఈ పంపకం బాగానే ఉంది. కానీ ఒక మధ్యాహ్నం షిఫ్టులో నలుగురికి ఒకేసారి చలిజ్వరం వస్తే, నీళ్లలో తప్పు ప్రభుత్వ ట్యాంకుదా, ప్రైవేటు ప్లాంటుదా అన్న వాదన సరిగ్గా ఈ గీత దగ్గరే మొదలవుతుంది.

శుభ్రత తప్పితే ఏమవుతుందో ఈ ప్రాంతానికి డయాలిసిస్‌తో పనిలేకుండానే తెలుసు. అప్పటికి దుర్గ్ జిల్లాలోనే ఉన్న బాలోద్‌లో 2011లో కంటి శుక్లాల శిబిరం పెట్టారు. అక్కడ ఇన్ఫెక్షన్ సోకి పలువురు చూపు పోగొట్టుకున్నారు. తెలంగాణలోని ఇబ్రహీంపట్నంలో 2022 ఆగస్టు 25న ఒకే రోజు 34 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. వరసలో ఎక్కువమంది, మధ్యలో తక్కువ వ్యవధి ఉన్నప్పుడు పరికరాల శుద్ధి మీద ఎంత ఒత్తిడి పడుతుందో ఇలాంటి శిబిరాలు చూపిస్తాయి. డయాలిసిస్ సెంటర్‌లో ఆ వరస ఏడాది పొడవునా ఉంటుంది.

షిఫ్టు మారే వేళ

రద్దీ సెంటర్లలో రోజుకు మూడు, కొన్నిచోట్ల నాలుగు షిఫ్టులు నడుస్తాయి. ఉదయం షిఫ్టు వాళ్లు ఇంకా సూది రంధ్రం నొక్కి పట్టుకుని కూర్చునే ఉంటారు, రెండో షిఫ్టు వాళ్లు తలుపు దగ్గర చెప్పులు విప్పుతుంటారు. ఒక్క టెక్నీషియన్ మూడు నాలుగు యంత్రాలు చూసుకునే చోట ఈ అరగంటలోనే సగం పొరపాట్లకు బీజం పడుతుంది. డయాలిసిస్ ఇన్ఫెక్షన్లకు మూలం ఖరీదైన యంత్రం లేకపోవడంలో కంటే, ఇద్దరు రోగుల మధ్య దొరకని ఆ కొద్ది నిమిషాల్లోనే ఎక్కువ.

జరగాల్సిన పద్ధతి ఇది. మొదటి రోగి లేచి వెళ్లిపోయాక, అప్పుడే కుర్చీని, యంత్రం పైభాగాన్ని, బీపీ పట్టీని, క్లాంపులను హైపోక్లోరైట్ వంటి ద్రావణంతో తుడవాలి. తడి దానంతటదే ఆరాలి. గ్లవ్స్ తీసి, చేతులు కడిగి, కొత్త జత వేసుకున్నాకే రెండో రోగిని ముట్టుకోవాలి. హడావుడిలో జరిగేది మరొకటి. రోగి కుర్చీలో ఉండగానే యంత్రానికి ఒక తుడుపు పడుతుంది. అవే గ్లవ్స్‌తో పక్క యంత్రంలో మోగుతున్న అలారాన్ని ఆపుతారు. ప్లాస్టర్ ముక్కలను ముందే చింపి యంత్రం అంచుకు వరసగా అతికించి ఉంచుతారు, ఒకరికి వాడగా మిగిలినవి తర్వాతి వారికి వాడతారు. సూది గుచ్చే చోటు మీద వేసేది ఆ ప్లాస్టరే. ఎక్కడా రక్తం మరక కనబడదు, అయినా హెపటైటిస్ బి వైరస్ ఎండిన ఉపరితలం మీద కనీసం ఏడు రోజులు బతకగలదు.

ఇంకో చోటు హెపారిన్ సీసా. రక్తం గడ్డకట్టకుండా వాడే ఈ మందు మన దగ్గర ఎక్కువగా 5 మి.లీ. సీసాల్లో వస్తుంది, అందులో 25,000 యూనిట్లుంటాయి. ఒక విడతకు ఒకరికి కావలసింది అందులో చిన్న భాగమే గనక ఒకే సీసా చాలామందికి వస్తుంది. శుభ్రమైన వేరే బల్ల దగ్గర, ప్రతిసారీ కొత్త సిరంజీ, కొత్త సూదితో మందు తీసి, ఎవరి సిరంజీ వారి దగ్గరికే తీసుకెళ్తే ఇబ్బంది లేదు. సీసానే ట్రాలీ మీద పెట్టుకుని మంచం మంచానికీ తిరిగితే, వాడిన సిరంజీతోనే ఇంకాస్త మందు లాగితే, ఆ రబ్బరు మూత గుండా ఒకరి రక్తం ఇంకొకరికి చేరే వీలుంటుంది. సెలైన్ సీసా సగం మిగిలిందని పక్కవారికి పెట్టడమూ ఇలాంటిదే.

యంత్రం ముందు భాగంలో రక్తపు గొట్టం నుంచి సన్నటి పాయ ఒకటి ఒత్తిడి కొలిచే ముక్కు దాకా వెళ్తుంది. మధ్యలో రూపాయి బిళ్లంత తెల్లటి ఫిల్టర్ ఉంటుంది, దాన్ని ట్రాన్స్‌డ్యూసర్ ప్రొటెక్టర్ అంటారు. గాలి పోతుంది, ద్రవం పోదు. ఒత్తిడి పెరిగి రక్తం ఎగదన్నితే అది తడుస్తుంది, వెంటనే మార్చాలి. యంత్రం లోపలి కొనకు రక్తం అంటిందేమో కూడా చూడాలి. బయటి గొట్టాలన్నీ కొత్తవి వేసినా, ఈ బిళ్ల దాటి లోపలికి చేరిన రక్తం తర్వాతి రోగి కోసం అక్కడే ఉంటుంది. డయాలిసిస్ గదిలో ఇంత చిన్న వస్తువు మీద ఇంత పెద్ద భారం వేరే లేదు.

మెడలో పైపు, చేతిలో ఫిస్టులా

రక్తం తీయడానికి మంచి మార్గం ముంజేతిలో ధమనిని సిరకు కలిపి కుట్టే ఫిస్టులా. 1966లో న్యూయార్క్ వైద్యులు బ్రెషియా, చిమినో ఈ పద్ధతిని ప్రచురించారు. ఆపరేషన్ అయ్యాక అది పక్వానికి రావడానికి వారాలు పడుతుంది. మన రోగుల్లో చాలామంది ఆయాసంతోనో, వాంతులతోనో చివరి దశలో ఆసుపత్రికి వస్తారు, అప్పుడు వారాలు ఆగే వీలుండదు. మెడ సిరలోకో, తొడ సిరలోకో ప్లాస్టిక్ క్యాథెటర్ వేస్తారు. జనం మాటలో మెడలో పైపు. నాలుగు రోజులకని వేసిన పైపు డబ్బు కుదరక, ఆపరేషన్ తేదీ దొరకక నెలల దాకా ఉండిపోవడం మామూలే. రక్తంలో ఇన్ఫెక్షన్ ముప్పు ఫిస్టులా కంటే పైపుతో అనేక రెట్లు ఎక్కువ. చర్మం కింద సొరంగంలా నడిపి పెట్టే పర్మ్‌క్యాథ్‌కు ముప్పు కొంత తక్కువే గానీ, ఫిస్టులాకు సాటిరాదు.

పైపును యంత్రానికి కలిపే ఘట్టం చాలా జాగ్రత్త కోరుతుంది. రోగికి, టెక్నీషియన్‌కు ఇద్దరికీ మాస్కు ఉండాలి, రోగి ముఖం అటువైపు తిప్పుకోవాలి. మూత తీశాక పైపు నోటిని స్పిరిట్ లేదా క్లోర్‌హెక్సిడిన్‌తో, మరల అంచులతో సహా, కనీసం పది పదిహేను సెకన్లు రుద్దాలి. ఆరాకే గొట్టం తగిలించాలి. పాత మూత పక్కన పెట్టుకుని మళ్లీ బిగించకూడదు. తప్పే మెట్టు దాదాపు ఎప్పుడూ ఆ పది సెకన్లదే. ఒక మూతకు పది సెకన్లు పెద్ద లెక్క కాదు, రోజంతా బిగించి విప్పే మూతలన్నిటికీ కలిపితే మాత్రం సిబ్బందికి భారంగానే తోస్తుంది.

ఫిస్టులా ఉన్నవారు యంత్రం దగ్గరికి వచ్చేముందే ఆ చేతిని సబ్బుతో కడుక్కోవాలి. మందు రాసి ఆరాక సిర ఎక్కడుందో అని మళ్లీ వేలితో తడమకూడదు, తడిమితే మళ్లీ మొదటినుంచి శుభ్రం చేయాలి. క్యాంప్ 2 ఇళ్లలో మే నెల వేడికి చెమటతో మెడ మీది పట్టీ ఊడిపోవడం రోజూ ఉండే సమస్య. ఊడిన పట్టీని ఇంట్లో ఉన్న ప్లాస్టర్‌తో అతికించుకుని రెండు రోజులు ఆగడం కంటే, ఆ పూటే సెంటర్‌కు వెళ్లి మార్పించుకోవడం మేలు. పైపు ఉన్నన్నాళ్లూ తలస్నానం నీళ్లు అక్కడ తగలకూడదు.

ఒకరి నుంచి ఒకరికి

డయాలిసిస్ వ్యాపించిన తొలి దశాబ్దంలోనే దాని వెంట హెపటైటిస్ బి వచ్చింది. 1969, 1970ల్లో ఎడిన్‌బరో రాయల్ ఇన్‌ఫర్మరీలో రోగులకు, సిబ్బందికి కలిపి 40 మందికి సోకి 11 మంది చనిపోయారు. బ్రిటన్‌లో రోజెన్‌హైమ్ కమిటీ 1972లో ఇచ్చిన నివేదిక, అమెరికాలో సీడీసీ 1977లో ఇచ్చిన సూచనలు వేరు గది, వేరు యంత్రం, క్రమం తప్పని రక్తపరీక్ష అన్న పద్ధతిని నిలబెట్టాయి. టీకా రావడానికి ముందే, కేవలం ఈ నియమాలతోనే కొత్త కేసులు బాగా పడిపోయాయి.

టీకా విషయంలో తెలుగునాడుకు సొంత అధ్యాయం ఉంది. హైదరాబాద్‌లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దేశంలోనే మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా శాన్‌వాక్‌ను విడుదల చేసింది. దిగుమతి టీకా కొనలేనివారికి అది అందుబాటులోకి వచ్చింది. డయాలిసిస్ రోగుల్లో టీకా సరిగా పట్టదు కాబట్టి మామూలుకు రెట్టింపు మోతాదులో నాలుగు డోసులు వేసి, రక్షణ స్థాయి వచ్చిందో లేదో రక్తపరీక్షతో చూస్తారు. ఏడాదికోసారి మళ్లీ చూడాలి. కిడ్నీ జబ్బు మొదటి దశల్లోనే వేయించుకుంటే ఫలితం బాగుంటుంది. ఆ సలహా మాత్రం చాలామందికి డయాలిసిస్ మొదలయ్యాకే అందుతుంది.

హెపటైటిస్ సి కి టీకా లేదు. యాంటీబాడీ పరీక్ష సోకిన తొలి వారాల్లో తప్పిపోతుంది, డయాలిసిస్ రోగుల్లో ఇంకా ఎక్కువగా. హైదరాబాద్ నిమ్స్ వైద్యులు 2006లో ప్రచురించిన పరిశీలనలో యాంటీబాడీతో పాటు వైరస్ కోర్ యాంటిజెన్‌ను కూడా పరీక్షించడం వెనక ఉన్న సమస్య ఇదే. నెగెటివ్ అన్న కాగితం పట్టుకుని పక్క కుర్చీలో కూర్చున్న మనిషి ఒంట్లో వైరస్ ఉండొచ్చు. అందుకే జాగ్రత్తలు పాజిటివ్ వాళ్లకొకటి, నెగెటివ్ వాళ్లకొకటి అని ఉండకూడదు. మన సెంటర్లలో హెపటైటిస్ సి వాళ్లకూ వేరే యంత్రం పెడతారు, జనం దాన్ని పాజిటివ్ మెషీన్ అంటారు. అంతర్జాతీయ మార్గదర్శకాలు హెపటైటిస్ బి కి మాత్రమే వేరు యంత్రం తప్పనిసరి అంటాయి. వేరు యంత్రం పెట్టాం గదా అన్న ధీమాతో చేతులు కడగడం సడలితే, యంత్రాలు ఎన్ని ఉన్నా లాభం లేదు. ఇప్పుడు హెపటైటిస్ సి నయమయ్యే జబ్బు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద మందులు ఉచితం.

హెచ్‌ఐవి ఇలా సోకడం అరుదు. సోకిన చోటల్లా తప్పు మొరటుగానే ఉంది. 1990ల తొలి రోజుల్లో కొలంబియాలోని ఒక సెంటర్‌లో రోగుల సూదులను ఒకే గిన్నెలో, చాలని మందులో నానబెట్టి మళ్లీ వాడారు. 2024లో పాకిస్తాన్‌లోని ముల్తాన్ నిష్తర్ ఆసుపత్రిలో డయాలిసిస్ చేయించుకుంటున్న 25 మందికి పైగా హెచ్‌ఐవి బయటపడింది.

నీళ్లు

ఒక్క విడతలో నిమిషానికి 500 మి.లీ. చొప్పున నాలుగు గంటలకు 120 లీటర్ల నీరు డయాలైజర్‌లో రక్తం పక్కనుంచి పోతుంది. మధ్యలో ఉండేది జల్లెడలాంటి పలచని పొర మాత్రమే. బాక్టీరియా ఆ పొర దాటలేవు, వాటి గోడల నుంచి విడిపోయే ఎండోటాక్సిన్ ముక్కలు దాటగలవు. చలి, వణుకు, జ్వరం, బీపీ పడిపోవడం వాటి పనే.

ఇందులో ఒక చిక్కుంది. మున్సిపాలిటీ నీటిలోని క్లోరిన్ రక్తకణాలను చంపుతుంది కాబట్టి కార్బన్ ట్యాంకుతో దాన్ని తీసేస్తారు. క్లోరిన్ పోయిన క్షణం నుంచి ఆ నీటికి సూక్ష్మజీవుల నుంచి రక్షణ లేదు. ఆర్‌ఓ దాటాక గొట్టాల్లో ఎక్కడ నీరు కదలక నిలిచినా లోపలి గోడలకు జిగురు పొర కడుతుంది. అది ఒకసారి కడితే మందులకు లొంగదు, గొట్టాలే మార్చాల్సి రావచ్చు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం డయాలిసిస్ నీటిలో మి.లీ.కు బాక్టీరియా 100 లోపు, ఎండోటాక్సిన్ 0.25 యూనిట్ల లోపు ఉండాలి. బైకార్బొనేట్ ద్రావణంలో బాక్టీరియా ఇట్టే పెరుగుతాయి. నిన్న కలిపి మిగిలిన క్యాన్‌ను ఇవాళ ముగించేద్దామన్న పొదుపు అందుకే ప్రమాదం. నీటి కీడు సూక్ష్మజీవులతోనే ఆగదు. 1996లో బ్రెజిల్‌లోని కరువారులో సరిగా శుద్ధి కాని నీటిలోని నాచు విషం వల్ల 50 మందికి పైగా డయాలిసిస్ రోగులు చనిపోయారు.

వణుకు వచ్చినప్పుడు మొదట అడగాల్సిన ప్రశ్న, ఒక్కరికా, వరసలో నలుగురికా అని. ఒక్కరికే, అదీ మెడలో పైపు ఉన్నవారికైతే, పైపు నుంచి రక్తంలోకి ఇన్ఫెక్షన్ చేరిందని అనుమానించాలి. ఒకే షిఫ్టులో పలువురికి వస్తే నీళ్లను చూడాలి. రెండిట్లోనూ యాంటీబయాటిక్ ఇవ్వకముందే రక్తం కల్చర్‌కు తీయాలి. పారాసిటమాల్ వేసి దుప్పటి కప్పి విడత పూర్తిచేస్తే ఆ పూట గడుస్తుంది, కారణం మాత్రం తెలియకుండా పోతుంది.

ఫిల్టర్‌ను మళ్లీ వాడటం

ఖర్చు తగ్గించడానికి మన దేశంలో ఒకే రోగికి అదే డయాలైజర్‌ను కడిగి పలుమార్లు వాడతారు. పద్ధతిగా చేస్తే ఇది తప్పు కాదు. డబ్బా మీద పేరు, తేదీ, ఎన్నోసారి వాడుతున్నారన్నది రాయాలి. లోపలి పరిమాణం మొదటిదానిలో 80 శాతానికి తగ్గితే పారేయాలి. నానబెట్టిన మందు పూర్తిగా పోయిందని పరీక్షించాకే తగిలించాలి. మందు బలం తగ్గితే ఏమవుతుందో 1982లో లూసియానాలో తెలిసింది. అక్కడ ఒక సెంటర్‌లో 140 మందిలో 27 మందికి క్షయ జాతికి చెందిన బాక్టీరియా సోకింది, ఫిల్టర్లను శుద్ధి చేసిన 2 శాతం ఫార్మాల్డిహైడ్ దాన్ని చంపలేకపోయింది. ఆ తర్వాతే 4 శాతం ప్రమాణమైంది. ఒకే పేరున్న ఇద్దరు రోగులుండే సెంటర్లలో డబ్బాలు తారుమారు కావడం మరో భయం. అప్పారావులు, సింహాచలాలు తరచుగా తగిలే ఉత్తరాంధ్ర కుటుంబాల్లో పేరుతో పాటు నంబరు కూడా చూడాలని వేరే చెప్పక్కర్లేదు. తెలంగాణ తన ప్రభుత్వ కేంద్రాల్లో ఒకసారి వాడి పారేసే డయాలైజర్లను తెచ్చి ఈ చిక్కును పక్కన పెట్టింది.

ఊరికి వెళ్లి వచ్చేవారు

పెళ్లికో, సంక్రాంతికో సొంతూరు వెళ్లే భిలాయి రోగి అక్కడ పలాసలోనో, శ్రీకాకుళంలోనో, విశాఖలోనో ఒకటి రెండు విడతలు చేయించుకోక తప్పదు. 2024 సెప్టెంబర్ 16న దుర్గ్, విశాఖపట్నం మధ్య వందేభారత్ మొదలయ్యాక ప్రయాణం తేలికైంది. అక్కడి సెంటర్ ఇటీవలి హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవి రిపోర్టులు అడుగుతుంది, అడగాలి కూడా. తిరిగొచ్చాక ఇక్కడి సెంటర్ మళ్లీ పరీక్ష చేయిస్తానంటే దాన్ని అవమానంగా తీసుకోకూడదు. కొత్తగా సోకింది బయటపడటానికి వారాలు పడుతుంది కాబట్టి ఒక్క పరీక్షతో సరిపోకపోవచ్చు. ఏ తేదీన ఎక్కడ, ఏ ఫిల్టర్‌తో చేశారో ఫైల్లో రాసి ఉంటే, తర్వాత ఎవరికైనా వైరస్ తేలినప్పుడు దారి వెనక్కి వెతకడం సాధ్యమవుతుంది.

ఇంట్లో చేసుకునే డయాలిసిస్

కడుపులో మెత్తటి గొట్టం పెట్టి, ద్రావణాన్ని నింపి వదిలే పెరిటోనియల్ డయాలిసిస్‌లో రక్తం బయటికి రాదు, ఇతర రోగుల తాకిడి లేదు. వైరస్‌ల భయం ఇందులో దాదాపు ఉండదు. బదులుగా కడుపు పొర ఇన్ఫెక్షన్, అంటే పెరిటొనైటిస్, వస్తుంది. రోజుకు మూడు నాలుగుసార్లు సంచి మార్చాలి, ప్రతిసారీ గొట్టం కొన తెరుచుకుంటుంది. తలుపులు వేసి, ఫ్యాను ఆపి, మాస్కు కట్టుకుని, చేతులు కడిగి ఆరబెట్టుకుని కూర్చోవాలి. ఒకటి రెండు గదుల క్యాంపు ఇంట్లో, పిల్లలు తిరిగే చోట, వేసవిలో కూలర్ ఆపి అలా కూర్చోవడం మాటలంత తేలిక కాదు. చేసుకునే మనిషికి ఇంట్లోవాళ్లు ఒక మూల ఖాళీ చేసి ఇవ్వాలి.

బయటికి వచ్చే ద్రవం మామూలుగా తేటగా, లేత పసుపు రంగులో ఉంటుంది. సంచి వెనక అచ్చు కాగితం పెడితే అక్షరాలు చదవగలగాలి. అక్షరాలు మసకబారితే, కడుపునొప్పి ఉన్నా లేకపోయినా, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. మురికి నీళ్లని ఆ సంచిని పారబోసి ఖాళీ చేతులతో వెళ్తారు చాలామంది. కణాల లెక్కకు, కల్చర్‌కు ల్యాబ్ అడిగేది ఆ నీళ్లనే, కాబట్టి సంచిని అలాగే వెంట తీసుకెళ్లాలి.